జడ, పేరు, మాట: అనంతగిరి నేల నుంచి రాస్తాఫారీ జీవనమార్గ పరిశీలన

వ్యాససంగ్రహం

జమైకాలో 1930లలో రూపుదిద్దుకొన్న రాస్తాఫారీ మార్గం తెలుగు పాఠకులకు బాబ్ మార్లే పాట ద్వారా, జడలు కట్టిన జుట్టు ద్వారా, గంజాయి ప్రస్తావన ద్వారా మాత్రమే పరిచయం. ఈ బాహ్యచిహ్నాల వెనుక ఉన్నది బానిసత్వం అనుభవించిన ప్రజలు గ్రంథాన్నీ, దేహాన్నీ, భాషనూ తమ వైపు నుంచి తిరిగి చదువుకొన్న పద్ధతి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ నడిపిన ఆది హిందూ ఉద్యమాన్నీ, అనంతగిరి, వికారాబాద్, తాండూరు పరిసరాల సామాజిక జీవితాన్నీ, ఆ ప్రాంతం నుంచి వచ్చిన గోగు శ్యామల కథాసాహిత్యాన్నీ పక్కన పెట్టి చూస్తే, చిహ్నం తనంతట తాను విముక్తినివ్వదని, దానికి అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే కీలకమని తేలుతుంది.

కీలకపదాలు: రాస్తాఫారీ, ఆది హిందూ ఉద్యమం, భాగ్యరెడ్డివర్మ, జోగిని వ్యవస్థ, అనంతగిరి, గోగు శ్యామల, తెలుగు బైబిలు, డప్పు.

1. ఉపోద్ఘాతం

వికారాబాద్‌కు సమీపాన ఉన్న అనంతగిరి కొండలు మూసీ నది జన్మస్థానం. ఇక్కడి అనంతపద్మనాభస్వామి క్షేత్రానికి మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటుగా స్థలపురాణ ప్రసిద్ధి ఉంది. తపస్వి అనగానే మన మనసులో మెదిలే రూపంలో జడలు తప్పనిసరి. ఆ జడలు వైరాగ్యానికీ, జ్ఞానానికీ గుర్తు. ఇదే కొండలకు వారాంతాల్లో హైదరాబాదు నుంచి వచ్చే యువతరానికి జడలు మరొక కారణంగా తెలుసు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల టీషర్టు మీద బాబ్ మార్లే తల చుట్టూ కనిపించే ఆ జడలు వారికి స్వేచ్ఛకు గుర్తు. అయితే ఎల్లమ్మ ఆరాధన విస్తరించిన కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు పల్లెల్లో ఒక దళిత బాలిక తలపై జుట్టు జడకట్టితే, దానిని దేవత పిలుపుగా చెప్పి ఆమెను దేవతకు అర్పించిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ జడ బంధనానికి గుర్తు.

ఒకే దేహచిహ్నం ఇంత దగ్గరి భూభాగంలో మూడు విధాలుగా ఎందుకు చదవబడుతోంది? రాస్తాఫారీల విశ్వాసాలను, ఆచారాలను, జీవనవిధానాన్ని ఈ ప్రశ్నతో కలిపి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దూరదేశపు మతాన్ని వింతగా పరిచయం చేయడం కాక, మన నేలపై ఉన్న అనుభవాలతో దానిని ఎదురెదురుగా నిలిపి చూడడం ఇక్కడ అనుసరించిన పద్ధతి.

2. రాస్తాఫారీ: చారిత్రక నేపథ్యం

జమైకాలో బానిసత్వం 1834లో చట్టరీత్యా రద్దయింది. నిర్బంధ శిక్షణ పేరుతో కొనసాగిన చాకిరీ 1838లో ముగిసింది. చట్టం మారినా భూమి, చదువు, చర్చి, న్యాయస్థానం తెల్లవారి చేతుల్లోనే మిగిలాయి. ఈ పరిస్థితిలో 1914లో మార్కస్ గార్వే స్థాపించిన సంఘం నల్లజాతి ప్రజలకు ఆఫ్రికాను అవమానంగా కాక మూలంగా చూడడం నేర్పింది. 1930 నవంబరు 2న ఇథియోపియాలో రాస్ తఫారీ మకొన్నెన్ అనే పాలకుడు హైలే సెలాసీ అనే పేరుతో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యాడు. రాజాధిరాజు, యూదా సింహం అనే బిరుదులు ఆయనకు ఉన్నాయి. యూరపు దేశాల వలస పాలనలో మగ్గుతున్న ఆఫ్రికాలో స్వతంత్రంగా నిలిచిన రాజ్యానికి నల్లని చక్రవర్తి వచ్చాడన్న వార్తను జమైకాలోని పేదలలో కొందరు ప్రవచన సాఫల్యంగా గ్రహించారు. ఆయన పూర్వనామమే ఈ మార్గానికి పేరయింది.

తొలి బోధకులలో ముఖ్యుడు లియొనార్డ్ హోవెల్. 1934లో రాజద్రోహ నేరంపై ఆయనకు శిక్ష పడింది. 1940లో ఆయన పినకిల్ అనే కొండప్రాంతంలో అనుచరులతో సమష్టి నివాసం ఏర్పరచాడు. పోలీసు దాడుల మధ్య నడిచిన ఆ నివాసం 1954లో ధ్వంసమైంది. ఆ తరువాత న్యాబింగీ, బోబో అశాంతీ, పన్నెండు గోత్రాల వర్గం వంటి శాఖలు వేర్వేరు క్రమశిక్షణలతో బలపడ్డాయి. ఈ మార్గానికి ఒకే పీఠం గాని, ఒకే ప్రవక్త గాని, సర్వామోదమైన ఒకే సిద్ధాంతగ్రంథం గాని లేవు. సభ్యులు కూడి గ్రంథాన్ని చర్చించుకొనే గోష్ఠులే దానికి ఆధారం. సెలాసీ సాక్షాత్తు దైవమా, దైవప్రతినిధియా అన్న విషయంలో కూడా వారిలో ఏకాభిప్రాయం లేదు. అందుచేత రాస్తాఫారీని మతం అనడం కంటే, వారే వాడే 'లివిటీ' అన్న మాటకు దగ్గరగా, జీవనమార్గం అనడం సముచితం.

3. గ్రంథాన్ని తిరగ చదవడం: బబులోను, సీయోను, కూషు

రాస్తాఫారీ విశ్వాసానికి కేంద్రం బైబిలు. బానిసకు విధేయత నేర్పడానికి యజమాని వినిపించిన గ్రంథాన్నే వారు యజమానికి వ్యతిరేకంగా చదివారు. అణచివేసే రాజ్యం, దాని పోలీసు, దాని డబ్బు, దాని చర్చి అన్నీ కలిసి వారికి బబులోను. చెరలో ఉన్న ఇశ్రాయేలీయులు తామే. వాగ్దత్త భూమియైన సీయోను ఆకాశంలో లేదు, ఆఫ్రికాలో ఉంది. దేవునికి వారు వాడే 'జా' అన్న పేరు 'హల్లెలూయా' చివర మనకు వినిపించే 'యా'యే.

ఈ పరిభాష తెలుగు పాఠకునికి కొత్తది కాదు. వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ పాఠశాలను, ఆసుపత్రిని నడిపింది. ఈ ప్రాంతపు దళిత కుటుంబాలు ఎన్నో బైబిలును ఆ మార్గంలోనే అందుకొన్నాయి. బబులోను, సీయోను అన్న మాటలు ఇక్కడి ప్రార్థనా మందిరాల్లో నిత్యం వినబడతాయి. అయితే అక్కడ సీయోను ప్రధానంగా మరణానంతర నివాసం. బబులోను పాపలోకం. జమైకాలో మాదిరిగా బబులోను అంటే తాలూకా కచేరీ అని, దొర గడి అని చదివిన సంప్రదాయం ఇక్కడ స్థిరపడలేదు.

దీనికి అనువాదం కూడా కొంత కారణమని చెప్పవచ్చు. రాస్తాఫారీలు ఆధారం చేసుకొనే కీర్తనల్లో 68వది ప్రధానమైనది. వారు చదివే ఇంగ్లీషు అనువాదంలో అక్కడ ఇథియోపియా అన్న పేరు స్పష్టంగా ఉంది. భూపటం తెరిచి చూపించగల దేశం పేరు అది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో అదే చోట హీబ్రూ మూలాన్ని అనుసరించి కూషీయుల పేరు కనిపిస్తుంది. కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములలో మాత్రం ఐతియొపీయుల ప్రస్తావన వస్తుంది. కూషు, ఐతియొపియ ఒకటేనని వ్యాఖ్యానం లేకుండా సామాన్య పాఠకునికి తట్టదు. ఒక ప్రజాసమూహానికి స్వదేశంగా మారిన పేరు మరొక ప్రజాసమూహానికి అర్థం తెలియని ప్రాచీన నామంగా మిగిలింది. ఒక మాటను అనువదించడంలో జరిగిన ఎంపిక ఒక ఉద్యమానికి ద్వారం తెరవగలదు, మూయగలదు అనడానికి ఇది చక్కని ఉదాహరణ. తెలుగు దళిత క్రైస్తవ సాహిత్యాన్ని పరిశీలించేవారు ఈ కోణాన్ని గమనించవలసి ఉంది.

4. పేరు: మహారాజు, రేడు

రాస్తాఫారీ చరిత్రలో భారతీయ ఛాయ ఒకటి ఉంది. 1845 నుంచి 1917 వరకు సుమారు 36 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా జమైకా చేరారు. వారిలో అధికులు కలకత్తా రేవు నుంచి వెళ్ళిన ఉత్తరాది వారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన దక్షిణాది వారూ ఉన్నారు. చెరకు తోటల్లో నల్లవారితో కలిసి పనిచేసిన ఈ కూలీల నుంచే గంజాయి, చిలుము అన్న మాటలు జమైకా వాడుకలో చేరాయి. హోవెల్ 1935 ప్రాంతంలో ప్రకటించిన పుస్తకంపై తన పేరును జి. జి. మరాగ్ అని వేసుకొన్నాడు. 'గాంగ్ గురు మరాగ్' అన్న ఈ పేరులో గురువు, మహారాజు అనే మన మాటలు దాగి ఉన్నాయి. అజయ్ మాన్‌సింగ్, లక్ష్మీ మాన్‌సింగ్ అనే పరిశోధకులు ఈ మార్గంపై హిందూ ప్రభావాన్ని విస్తృతంగా ప్రతిపాదించారు. బారీ షెవాన్స్ వంటివారు జమైకాలోని ఆఫ్రికా సంప్రదాయాలకు, అక్కడి పునరుజ్జీవన మతాలకు ప్రాధాన్యమిచ్చారు. ఈ ప్రభావాన్ని పూర్తిగా కాదనలేము. కానీ రాస్తాఫారీని హిందూమత శాఖగా చెప్పడం, ఆ ప్రజలు తమకోసం నిర్మించుకొన్న చరిత్రను మళ్ళీ వారి నుంచి తీసివేయడమే అవుతుంది.

ఇక్కడ ప్రభావం కంటే పోలిక ముఖ్యం. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాదు చేరిన చోట, దాదాపు అదే కాలంలో మరొక నామకరణం జరిగింది. 1888లో జన్మించిన మాదరి భాగయ్యకు భాగ్యరెడ్డి అన్న పేరు కుటుంబ గురువు పెట్టారని, రెడ్డి అన్న మాట పాలకుడనే అర్థమిచ్చే 'రేడు' నుంచి వచ్చిందని, ఆర్యుల రాకకు పూర్వం ఈ నేలను ఏలినవారు దళితులేనని ఆ గురువు వివరించారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. వర్మ అన్నది తరువాత ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. ఆయన 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్యసంఘాన్ని స్థాపించారు. 1917లో విజయవాడలో పంచముల పేరిట ఏర్పాటైన మహాసభకు అధ్యక్షత వహించి, పంచమ శబ్దాన్ని నిరాకరించి, ఆది ఆంధ్ర అన్న పేరును నిలిపారు. హైదరాబాదు రాజ్యంలో 1931 జనగణన నాటికి ఆది హిందూ అన్న పేరు అధికారిక గుర్తింపు పొందింది.

జమైకాలో మహారాజు, హైదరాబాదులో రేడు. అణగారినవారు తమకు అంటగట్టిన పేరును విడిచి రాజశబ్దాన్ని స్వీకరించడం రెండు చోట్లా కనిపిస్తుంది. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. సముద్రం దాటించి తెచ్చిన ప్రజలకు మూలం దూరదేశంలో ఉంది, కాబట్టి వారి విముక్తి భావనలో తిరుగు ప్రయాణం ప్రధానమైంది. ఇథియోపియాలోని షషెమనేలో సెలాసీ ఇచ్చిన భూమికి కొందరు నిజంగానే తరలి వెళ్ళారు. భాగ్యరెడ్డివర్మకు అలాంటి దూరదేశం అక్కర్లేదు. ఆయన వాడిన 'ఆది' శబ్దం కాలి కింది నేలనే మూలంగా ప్రకటించింది. ఒకరిది స్థలంలో వెనక్కి నడిచే కల్పన. మరొకరిది కాలంలో వెనక్కి నడిచే కల్పన. రెండింటి చారిత్రక ప్రామాణ్యాన్ని ప్రశ్నించవచ్చు. కానీ వాటి పని గతాన్ని నిరూపించడం కాదు, వర్తమానంలో తలెత్తి నిలబడడానికి చోటు చూపించడం.

5. మాట: 'ఐ అండ్ ఐ', 'బాంచన్'

రాస్తాఫారీలు భాషను అధికార స్థానంగా గుర్తించారు. జమైకా వాడుకభాషలో 'నేను' అనడానికి ఇంగ్లీషు కర్మరూపమైన 'మీ' వస్తుంది. తనను తాను కర్తగా కాక కర్మగా చెప్పుకోవడంలో బానిసత్వపు ఆనవాలు ఉందని వారు భావించారు. దాని స్థానంలో 'ఐ అండ్ ఐ' అన్న ప్రయోగం తెచ్చారు. నేను, నాలోని దైవం, ఎదుటివాడిలోని నేను అన్నీ ఇందులో ఇమిడి ఉంటాయి. అలాగే 'అండర్‌స్టాండ్' అన్న మాటలో కింద నిలబడడం వినిపిస్తుంది గనుక దానిని 'ఓవర్‌స్టాండ్' అని, 'అప్రెషన్' అన్న మాట పైకి లేపుతున్నట్టు ధ్వనిస్తుంది గనుక దానిని 'డౌన్‌ప్రెషన్' అని మార్చారు. భాషాశాస్త్ర దృష్టితో ఇవి సరైన వ్యుత్పత్తులు కావు. అయినా ధ్వనికి, అధికారానికి ఉన్న సంబంధాన్ని వినగలిగిన చెవి వాటి వెనుక ఉంది.

తెలుగులో ఎదుటివాడిని కలుపుకొనే 'మనం', కలుపుకోని 'మేము' వేర్వేరుగా ఉన్నాయి. 'ఐ అండ్ ఐ' చేయదలచిన పనిలో కొంత భాగం 'మనం' చేస్తుందనిపిస్తుంది. కానీ తెలంగాణ పల్లెలో దొర ముందు నిలబడ్డవాడికి ఆ సర్వనామం అందుబాటులో లేదు. అతడు తన పేరుకు బదులు 'నీ బాంచన్' అన్నాడు. బాంచ అంటే దాసి. 'నేను' ఉండవలసిన చోట బానిస శబ్దం నిలబడింది. జమైకాలోని 'మీ' కంటే ఇది ఇంకా బాహాటమైన దాస్యవాచకం. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటం గురించిన సాహిత్యంలో ఈ మాటను విడిచిపెట్టడం ఒక ప్రధాన ఘట్టంగా నిలవడం యాదృచ్ఛికం కాదు. జమైకాలోనైనా తెలంగాణలోనైనా విముక్తి ముందుగా సర్వనామంలో జరగవలసి వచ్చింది.

మాటతో పాటు వాద్యాన్నీ చెప్పుకోవాలి. న్యాబింగీ కూటాల్లో బాస్, ఫుండే, రిపీటర్ అనే మూడు డోళ్ళు ప్రార్థనకు ప్రాణం. వలస పాలన అనుమానించిన ఆఫ్రికా డోలు వారి చేతుల్లో పవిత్రవాద్యమైంది. రెగె సంగీతం లయలోనూ దాని ముద్ర ఉంది. మన దగ్గర డప్పు చరిత్ర ఇలాంటిదే. చావుకు, జాతరకు, దండోరాకు వెట్టిగా కొట్టవలసిన డప్పును దళిత ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా మలచింది. చర్మం, కర్ర, దరువు మారలేదు. ఎవరి కోసం, ఎవరి ఇష్టంతో కొడుతున్నారన్నది మారింది. ఈ విషయం జడ గురించి ఆలోచించేటప్పుడు అవసరమవుతుంది.

6. ఆహారం, గంజాయి: తారుమారయ్యే అర్థాలు

రాస్తాఫారీ ఆహారనియమానికి 'ఐటల్' అని పేరు. ఇది జీవశక్తిని సూచించే 'వైటల్' అన్న ఇంగ్లీషు మాటలో తొలి ధ్వనిని తొలగించి చేసినది. పంది మాంసం నిషిద్ధం. చాలామంది మాంసాన్ని పూర్తిగా విడుస్తారు. డబ్బా ఆహారాన్ని, రసాయనాలను, కొందరు ఉప్పును కూడా వదులుతారు. నేల ఇచ్చినదానిని నేలకు దగ్గరగా ఉంచి తినడం ఇందులోని సూత్రం. తోటయజమాని దుకాణం మీద ఆధారపడకపోవడం దీనిలోని రాజకీయం. తాండూరుకు పొరుగునున్న జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళలు తమ విత్తనాలను తామే దాచుకొని జొన్న, కొర్ర వంటి పంటలను నిలబెట్టిన కృషి ఈ భావనకు సన్నిహితమైనది.

అయితే శాకాహారం దగ్గర పోలిక తలకిందులవుతుంది. రాస్తాఫారీకి మాంసం విడవడం బబులోను నుంచి విడివడడం. మన సమాజంలో శాకాహారం అగ్రవర్ణ శుచిత్వానికి కొలబద్ద. భాగ్యరెడ్డివర్మ తరం మద్యమాంసాలను విడవమని ప్రబోధించింది. తరువాతి దళిత చైతన్యం గొడ్డుమాంసాన్ని తన ఆహారసంస్కృతిగా బహిరంగంగా ప్రకటించుకొంది. ఒకే పదార్థాన్ని విడవడం ఒకచోట ధిక్కారం, మరొకచోట లొంగుబాటు అనిపించవచ్చు. తినడం, విడవడం అన్నవాటికి స్వతస్సిద్ధమైన అర్థం లేదని ఇది చూపుతుంది.

గంజాయి విషయంలో అపోహలు ఎక్కువ. రాస్తాఫారీలకు అది వినోదం కాదు. ఆదికాండం, కీర్తనలలోని మొక్కల ప్రస్తావనలను ఆధారం చేసుకొని, గోష్ఠిలో ధ్యానానికి, గ్రంథచర్చకు తోడ్పడే పవిత్రద్రవ్యంగా దానిని భావిస్తారు. దానిని సేవించని రాస్తాఫారీలూ ఉన్నారు. దశాబ్దాల పాటు ఆ కారణంతో వారిని జైళ్ళకు పంపిన జమైకా ప్రభుత్వం 2015లో చట్టాన్ని సవరించి మతపరమైన వాడుకకు అనుమతి ఇచ్చింది. దానిని ఆ ఆచార సందర్భం నుంచి వేరుచేసి విహారయాత్రల సరదాగా అనుకరించడం రాస్తాఫారీని గౌరవించడం కాదు, చదవకుండా వదిలేయడం.

7. జడ: ఒక చిహ్నం, మూడు అధికారాలు

రాస్తాఫారీల జడలకు గ్రంథాధారం సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోని నాజీరు వ్రతం. వ్రతకాలమంతా తలపై కత్తి పడరాదన్న నియమం అందులో ఉంది. సమ్సోను కథ దానికి బలమిచ్చింది. షెవాన్స్ పరిశోధన ప్రకారం జడలు ఉద్యమపు తొలినాళ్ళ నుంచి అందరికీ లేవు. 1940ల చివర బయలుదేరిన యువబృందం వాటిని వ్యాప్తిలోకి తెచ్చింది. నల్లవారి జుట్టును అసహ్యమని నేర్పిన సమాజంలో, దువ్వక, కత్తిరించక, ఉన్నది ఉన్నట్టు పెంచడమే ప్రకటన. భయం గొలిపేదన్న అర్థంలో సమాజం అన్న 'డ్రెడ్' అన్న మాటను దైవభీతి అన్న అర్థంలోకి వారు మళ్ళించుకొన్నారు. 1963లో కోరల్ గార్డెన్స్ ఘటన తరువాత జరిగిన దమనకాండలో రాస్తాఫారీలను పట్టి బలవంతంగా జుట్టు కత్తిరించారు. 2017లో జమైకా ప్రధాని ఆ దమనానికి క్షమాపణ చెప్పారు. అక్కడ కత్తెర హింసకు సాధనం.

ఎల్లమ్మ ఆరాధనా ప్రాంతంలో పరిస్థితి వేరు. బోనాలలో శిగమూగే శివసత్తుల తలపై జడలకు భక్తుల గౌరవం ఉంది. ఆ గౌరవం జాతర దాటి బతుకంతా వెంట రాదు. బాలిక తలపై జడకట్టడం దేవత ఆవహించిన గుర్తు అన్న నమ్మకం, పేదరికంతోనూ ఊరి పెద్దల ఒత్తిడితోనూ కలిసినప్పుడు ఆమెను జోగినిగా మార్చే తంతుకు సాకయింది. జోగినిగా మారినవారు అత్యధికులు దళిత స్త్రీలు. దేవతకు భార్య అన్న మాట ఆచరణలో ఊరి పెత్తందారులకు లభ్యమైన దేహం అన్న అర్థమిచ్చింది. భాగ్యరెడ్డివర్మ ఈ ఆచారాన్ని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే ఎదిరించారు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దానిని నిషేధించే చట్టం వచ్చింది. కర్ణాటక, మహారాష్ట్రలలో సంస్కర్తలు స్త్రీలకు నచ్చజెప్పి ఆ జడలను తొలగించే పని చేపట్టారు. ఇక్కడ అదే కత్తెర విడుదలకు సాధనం.

తాండూరు సమీపంలోని పెద్దేముల్ ప్రాంతానికి చెందిన గోగు శ్యామల కథలను ఈ సందర్భంలో చదవాలి. 2012లో ఇంగ్లీషులో నవయాన ప్రచురించిన ఆమె కథల సంపుటిలో, కూతురిని జోగినిని చేయాలన్న ఊరి పెద్దల నిర్ణయాన్ని ధిక్కరించి ఆమెను చదువుకు పంపే తండ్రి కథ ఒకటి ఉంది. ఆ ధిక్కారానికి కుటుంబం మూల్యం చెల్లించవలసి వస్తుంది. కథలో గమనించవలసింది ఎవరు ఎవరి దేహానికి అర్థం చెబుతున్నారన్న పోరాటం. పెద్దలు ఆ పిల్లను ఊరి సొత్తుగా చదువుతారు. తండ్రి ఆమెను విద్యార్థినిగా చదువుతాడు. రాస్తాఫారీ ఆచరణలోనూ జరిగింది ఇదే. యజమాని పశువుగా చదివిన దేహాన్ని వారు దేవాలయంగా చదివారు. అందుకే చిహ్నాల పోలిక చూసి జోగిని జడను, రాస్తా జడను పక్కపక్కన పెట్టడం పొరపాటు. రాస్తా జడకు నిజమైన సాటి ఆ తండ్రి చేసిన తిరస్కారం.

డప్పు అర్థం మారింది, జడ అర్థం ఎందుకు మారలేదు? డప్పును ఒక సమూహం చేతబట్టింది. అది కొట్టేవాడికి గొంతు ఉంది, వెనుక సంఘం ఉంది. జడ మాత్రం ఒంటరి బాలిక తలపై పడింది. దానిని చదివే హక్కు పూజారికి, పెద్దలకు ఉంది, ఆమెకు లేదు. రాస్తాఫారీ జడ వెనుక సొంత నిర్ణయం, గ్రంథాధారం, తోడుగా నిలిచే సమూహం అనే మూడూ ఉన్నాయి. ఈ మూడూ లేనప్పుడు జడ సంకెల అవుతుంది. ఈ మూడింటినీ మరిచి ధరించినప్పుడు అలంకారం అవుతుంది.

8. పరిమితులు

ఈ పరిశీలన రాస్తాఫారీని ఆదర్శంగా నిలపడానికి కాదు. ఇథియోపియా ప్రజలలో అనేకులకు సెలాసీ భూస్వామ్య వ్యవస్థకు అధిపతి. 1974లో ఆయన పదవీచ్యుతుడయ్యాడు. దూరం నుంచి దేవుడుగా కనిపించినవాడు దగ్గరివారికి దొరగా కనిపించవచ్చునన్నది తెలంగాణ పాఠకునికి వేరే చెప్పనక్కర్లేదు. స్త్రీల విషయంలో కూడా ఈ మార్గం విమర్శకు అతీతం కాదు. కొన్ని శాఖల్లో రుతుకాలపు దూరపాటింపు, వేషధారణ నియమాలు, పురుషుని ఆధిక్యం స్పష్టంగా ఉన్నాయి. పురుషుని జడ సింహపు జూలుగా బయట మెరిస్తే, స్త్రీ జడ వస్త్రం కింద దాగవలసి వచ్చింది. రాస్తా స్త్రీలు ఈ నియమాలను లోపలి నుంచే ప్రశ్నించారు. ఆది హిందూ ఉద్యమానికీ పరిమితి ఉంది. అగ్రవర్ణ శుచిత్వపు కొలమానాలను కొంత స్వీకరించే గౌరవాన్ని కోరడం దాని అంతర్వైరుధ్యం. అర్థం చెప్పే హక్కును గెలుచుకొన్నవారు దానిని తమలోని బలహీనులతో పంచుకొన్నారా అన్నది రెండు ఉద్యమాలకూ వర్తించే ప్రశ్న.

9. ముగింపు

1. రాస్తాఫారీ మార్గపు సారం జడలోనో గంజాయిలోనో లేదు. అణగారిన ప్రజలు గ్రంథాన్ని, పేరును, మాటను, ఆహారాన్ని, దేహాన్ని తమ స్థానం నుంచి తిరిగి చదువుకోవడంలో ఉంది.

2. ఆ మార్గాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన పరిభాష తెలుగులో ఇప్పటికే ఉంది. బబులోను, సీయోను, నాజీరు అన్న బైబిలు మాటలు, ఆది, రేడు అన్న ఉద్యమ శబ్దాలు, బాంచన్ అన్న దాస్యవాచకం దానికి సరైన ప్రవేశద్వారాలు.

3. శాకాహారం, డప్పు, జడ అన్న మూడు ఉదాహరణలూ చిహ్నానికి స్థిరమైన అర్థం లేదని తెలుపుతాయి. కత్తెర జమైకాలో హింస అయింది, ఎల్లమ్మ ప్రాంతంలో విడుదల అయింది. తేడా కత్తెరలో లేదు, ఆ తల ఎవరిదన్న దానిలో ఉంది.

4. తెలుగులో రాస్తాఫారీపై జరిగే అధ్యయనం సంగీతాభిమానం దగ్గర ఆగిపోకుండా దళిత సాహిత్యం, జోగిని స్త్రీల జీవితకథనాలు, బైబిలు అనువాద చరిత్ర అనే మూడు రంగాలతో కలిసి సాగాలి. అప్పుడు అనంతగిరి చుట్టూ ఉన్న పల్లెల్లో ఒక బాలిక తల మీది జుట్టుకు అర్థం చెప్పే మొదటి హక్కు ఆ బాలికదేనన్న మాట సాహిత్య విమర్శలోనూ చోటు చేసుకొంటుంది.